మస్కట్ ‘అప్పు’ మీద గేర్ల కారు

దేవరకొండలో నేను ఆడవాళ్లకు కారు నేర్పుతాను. ఖిల్లా గుట్ట వైపు పోయే బాటలో ఒక ఎత్తు ఉంది. మా డ్రైవర్ల భాషలో ఎత్తును ‘అప్పు’ అంటాం. ఆ అప్పు మధ్యలో బండి ఆపించి, వెనక్కి జారకుండా మళ్లీ ఎక్కించగలిగితేనే నా దగ్గర నేర్చుకోవడం పూర్తయినట్టు. టీచర్లు, అంగన్వాడీ ఆయమ్మలు, కిరాణా కొట్టు నడిపే ఆమె, అందరూ ఏడుస్తూనో నవ్వుతూనో దాన్ని ఎక్కినవాళ్లే. అలాంటిది నా సొంత చెల్లెలు మమత మస్కట్ నుంచి ఫోన్ చేసి, “నాతోని అయితలేదక్కా, ఇగ ఇడిసిపెడుతున్న” అంటే నాకు బాధకన్నా ముందు కోపం వచ్చింది. ఊరందరి బిడ్డలకు నేర్పి మా ఇంటి బిడ్డను వదిలేస్తానా? మా మస్కట్ ప్రయాణం ఆ కోపంతోనే మొదలైంది.

మమత అక్కడ ఒక ప్రైవేటు దవాఖానలో నర్సు. ఏళ్ల తరబడి నైట్ డ్యూటీలు చేసి చేసి దాని మొహంలో రంగు పోయింది. ఇప్పుడు ఆ దవాఖానలోనే పగటి ఉద్యోగం ఒకటి ఖాళీ అయింది. ఇండ్లకు పోయి ముసలివాళ్లకు కట్లు మార్చడం, సూదులు వేయడం. జీతం కొంచెం ఎక్కువే గానీ దానికి కావలసింది జీతం కాదు, రాత్రి నిద్ర. ఒక్కటే మెలిక, ఇండ్లకు తన కారులో తానే పోవాలి. ఆ దేశంలో లైసెన్సు ఇచ్చే ముందు ఎత్తు మీద బండి ఆపి ఎక్కించే పరీక్ష విడిగా పెడతారు. మమత రెండుసార్లు అక్కడే బండి వెనక్కి పోనిచ్చింది. మూడో పరీక్ష ఆదివారం ఉదయం. ఉద్యోగం కావాలో వద్దో ఆ సాయంత్రంలోగా చెప్పమన్నారట. వద్దని చెప్పేద్దామని ముందే నిర్ణయించుకుని, ఆ సంగతి చెప్పడానికి నాకు ఫోన్ చేసింది.

నాతో అమ్మ కూడా బయలుదేరింది. చిట్యాల దగ్గర పల్లెలో మాది నేత ఇల్లు. మగ్గం మీదున్న చీర దించి, పెట్టె సర్దుకుని, విమానంలో కిటికీ సీటు తనకేనని ముందే షరతు పెట్టింది. హైదరాబాద్ నుంచి మస్కట్‌కు నేరుగా విమానాలున్నాయి, నాలుగు గంటల లోపే ప్రయాణం. మీరు అక్కడ కారు నడపాలనుకుంటే ఇక్కడి రవాణా కార్యాలయంలో అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ తీసుకుని పోండి. మన లైసెన్సు, పాస్‌పోర్టు, వీసా కాపీలు పట్టుకుని పోతే పెద్దగా తిప్పకుండానే ఇచ్చారు. కారు కిరాయికిచ్చేవాళ్లు మొదట అడిగింది అదే.

మమత ఉండేది రూవిలో, మనవాళ్లు ఎక్కువగా ఉండే బస్తీలో. గురువారం సాయంత్రం అక్కడి ఒక చిన్న ఆఫీసులో కారు తీసుకున్నాం. కౌంటర్‌లో ఉన్న ఒమానీ కుర్రాడు హిందీ మనకంటే బాగా మాట్లాడతాడు. అన్నీ ఆటోమేటిక్ బండ్లే చూపించాడు. నేను గేర్ల బండి కావాలన్నాను, మమత పరీక్ష గేర్ల బండి మీదే. ఎత్తు మీద వెనక్కి జారని బండి నడిపి చూపిస్తే మమతకు ఏం తెలుస్తుంది? అతను నన్ను, నా చీరను, నా పర్మిట్‌ను వరుసగా చూసి, టూరిస్టులెవరూ అది అడగరని చెప్పి, వెనక షెడ్డులో ఉన్న పాత తెల్ల కారు తెప్పించాడు. రోజుకు తొమ్మిది రియాళ్లు, అంటే మన డబ్బుల్లో రెండు వేల దాకా. ఆటోమేటిక్ అయితే పద్నాలుగు. పెట్రోలు మన రేటులో సగం. అడ్వాన్సు కింద కార్డు మీద కొంత ఆపి, బండి తిరిగిచ్చాక వదిలేస్తారు. బండి చుట్టూ తిరిగి పాత గీతలన్నీ ఫోనులో వీడియో తీసుకున్నాను.

తీరా ఎక్కబోతుంటే అమ్మ సంచిలోంచి నిమ్మకాయలు తీసి నాలుగు టైర్ల కింద పెట్టింది. కిరాయి బండికి ఇవన్నీ ఎందుకని మమత సిగ్గుపడిపోతుంటే, “బండి కిరాయిదైతే ఏంది, అండ్ల కూసునే బిడ్డలు కిరాయోళ్లా?” అంది. నిమ్మకాయలు తొక్కించే బయలుదేరాం. కౌంటర్ కుర్రాడు బయటికి వచ్చి నవ్వుతూ చూశాడు.

శుక్రవారం అక్కడ సెలవు. పొద్దున రోడ్లు ఖాళీగా ఉంటాయి, కొత్తగా నడిపేవాళ్లకు అదే మంచి సమయం. ఏడున్నరకు బయలుదేరాం. అక్కడ బండ్లు రోడ్డుకు కుడి పక్కన నడుస్తాయి, స్టీరింగ్ ఎడమ పక్కన ఉంటుంది. ఇది తెలియక కాదు, తెలిసినా ఒళ్లు వినదు. గేరు కోసం నా ఎడమ చెయ్యి పోయి తలుపుకు కొట్టుకుంది. మలుపుకు సిగ్నల్ వేయబోతే అద్దం తుడిచే వైపర్లు ఆడాయి. ఆకాశంలో మబ్బు తునక లేదు, మా అద్దం మాత్రం తళతళలాడింది. కూడలిలో తిరిగి ఎడమ పక్కకు ఎక్కబోయినప్పుడల్లా మమత “కుడి, అక్కా, కుడి” అని నెమ్మదిగా చెప్పేది. దానికి దారి తెలుసు, నాకు బండి తెలుసు. ఇద్దరం కలిస్తే ఒక డ్రైవర్ అయ్యాం.

రూవి నుంచి మత్రా సముద్రపు ఒడ్డుకు పది నిమిషాలు. ఒక పక్క ఓడలు, ఒక పక్క తెల్లటి ఇండ్లు, వాటి మీదికి ఒరిగినట్టు నల్లటి గుట్టలు. మా దేవరకొండ గుట్టల్లో బండల సందుల్లోనైనా చెట్టు మొలుస్తుంది, ఇక్కడివి ఒట్టి రాళ్లు. ఆ గుట్టలను తొలిచి, చుట్టి, మీదికెక్కించి రోడ్లు వేశారు. పాత మస్కట్, అల్ బుస్తాన్ మీదుగా ఖంతబ్ అనే జాలర్ల ఊరికి పోవాలని మమత చెప్పింది. అక్కడికి దిగే రోడ్డు బాగా నిటారుగా ఉంటుందట, అందుకే దానికి భయం, అందుకే నాకు కావాలి. దారిలో మలుపు కనపడినప్పుడల్లా నేను హారన్ కొట్టాను. మన్ననూరు దాటి శ్రీశైలం ఘాట్ ఎక్కేవాళ్లకు మలుపంటే హారనే. మమత నా చెయ్యి పట్టుకుని ఆపింది. ఇక్కడ హారన్ కొడితే తిట్టినట్టట. అప్పటికే ఎంతమందిని తిట్టానో దేవుడికే తెలియాలి.

ఖంతబ్‌లోకి దిగేటప్పుడు రెండో గేరులో, బ్రేకు మీద ఎక్కువ ఆధారపడకుండా దిగాం. అమ్మ వెనక సీట్లో కళ్లు మూసుకుని ఏదో చదువుకుంది. కింద గుట్టల మధ్య చిన్న ఇసుక తీరం, ఒడ్డున పడవలు, వలలు బాగు చేసుకుంటున్న మనుషులు. అమ్మ సముద్రం కంటే ఎక్కువసేపు ఆ వలలనే చూసింది. ఒకాయన పక్కన కూర్చుని ఆయన వేసే ముడిని వేళ్లతో తిప్పి చూసి, మంచిగ వేస్తున్నాడని మాకు చెప్పింది. మధ్యాహ్నం ఊళ్లోని చిన్న హోటల్లో వేయించిన చేప, అన్నం, పప్పు తిన్నాం, మనిషికి రెండు రియాళ్లు. పప్పులో చింతపండు ఎందుకు వేయలేదని అమ్మ వంటాయన్ని తనకొచ్చిన హిందీలో నిలదీస్తే, బెంగాలీ వంటాయన నవ్వి నిమ్మ చెక్కలు ఒక గిన్నెడు తెచ్చిపెట్టాడు.

తింటున్నప్పుడు మమత అసలు మాట తీసింది. ఆదివారం పరీక్షకు పోనంది. ఉద్యోగం ఒద్దని పొద్దున్నే దవాఖానకు చెప్పేసి, ఆ రోజు కూడా మాతోనే తిరుగుతానంది. తనకు నేర్పే మాస్టరమ్మ క్లచ్ మెల్లగా వదలమంటుందట, తను మెల్లగానే వదులుతుందట, అయినా బండి ఆగిపోతుందట. కొందరికి డ్రైవింగ్ రాదు, తానూ ఆ రకమే అంది. నా దగ్గర నేర్చుకునేవాళ్లు ఆ మాటంటే నేను ఒప్పుకోను, గట్టిగా అరుస్తాను. చెల్లెలు కదా, అరవలేకపోయాను. ఈ బీచ్ పక్కన ఖాళీ జాగా ఉంది, ఒక్కసారి స్టీరింగ్ ఇవ్వు, నాకు రాదని నువ్వే చూస్తావు అని మమత అడిగింది. అదీ కుదరదన్నాను. లైసెన్సు లేని మనిషికి పరాయి దేశంలో కిరాయి బండి ఇవ్వడమంటే తెలిసి తెలిసి గోతిలో దిగడం. పక్కన కూర్చుని నేను చేసేది చూడు చాలు అన్నాను. చూసి నేర్చుకునేదైతే ఎప్పుడో వచ్చేదని గొణిగింది.

తిరిగి ఎక్కేటప్పుడు ఎత్తు సగం దాటామో లేదో, మేకల మంద రోడ్డుకు అడ్డం వచ్చింది. ముందున్న కారు ఆగింది, నేనూ ఆపాను. సరిగ్గా చూపించాలనుకున్న చోటే ఆగామని లోలోపల సంతోషపడ్డాను. మేకలు పోయాయి, ముందు కారు కదిలింది. “చూడు” అని మమతకు చెప్పి, క్లచ్ వదిలాను. కుడి చేత్తో మొదటి గేరు అనుకుని వేసింది మూడో గేరు. బండి ఒక్క కుదుపు కుదిపి ఆగిపోయింది, వెనక్కి జారడం మొదలుపెట్టింది. వెనక ఒక పికప్ ఉంది. అమ్మ అరిచిన అరుపుకు మేకలు కూడా తిరిగి చూశాయి. హ్యాండ్ బ్రేకు గుంజి ఆపాను. అందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డదంటే ఇదే.

పికప్ ఆయన హారన్ కొట్టలేదు. తెల్లటి పొడుగు అంగీ, గడ్డం నెరిసిన మనిషి. దిగి, రోడ్డు పక్క నుంచి పెద్ద రాయి తెచ్చి మా వెనక టైరు కింద పెట్టాడు. మన లారీల వాళ్లు ఘాట్ మీద చేసేది అదే. తర్వాత నా కిటికీ దగ్గరికి వచ్చి, చెయ్యి ముందుకు చాపి, “సీదా, సీదా” అన్నాడు. ఆ మాట విని అమ్మ భయం మరిచిపోయింది. “గీయన మనోడేనే, సీదా అంటుండు” అంది. అక్కడి అరబ్బీలో కూడా తిన్నగా పోవడాన్ని సీదా అనే అంటారని మమత చెప్పింది. తర్వాత ఎవర్ని దారి అడిగినా ఆ మాట వినపడుతూనే ఉంది.

రాయి ఉంది కదా, తొందర లేదు. ఈసారి ఏ గేరు పడిందో చూసుకుందామని కిందికి వంగాను. అప్పుడు మమత కాళ్లు కనపడ్డాయి. పక్క సీట్లో దాని ముందు ఏ పెడళ్లూ లేవు. అయినా నాతో పాటే అది కూడా నడిపింది. కుడి పాదం మ్యాట్ మీద అదిమి పెట్టి ఉంది, ఎడమ కాలు మాత్రం బండి ఆగిపోయినప్పటి నుంచీ అలాగే జానెడు ఎత్తున గాలిలో ఉండిపోయింది.

“నీ ఎడమ కాలు మీదికెందుకు లేసిందే?” అని అడిగాను. లేపలేదంది. కిందికి చూసుకుని, నిజంగానే లేచిన తన కాలును తానే వింతగా చూసింది. మరోసారి క్లచ్ వదిలినట్టు కాళ్లు పెట్టమన్నాను. పెట్టింది. కుడి కాలు దిగింది, అదే క్షణంలో ఎడమ కాలు పూర్తిగా లేచింది. టక్కుమని ఒక చప్పుడు. ఆ చప్పుడు నేను ఎక్కడో విన్నాను అనుకునేలోపే వెనక నుంచి అమ్మ నవ్వు వినపడింది.

మగ్గం. నేను పదేళ్లప్పుడే చదువు కోసం దేవరకొండలో మేనమామ ఇంటికి వచ్చేశాను, నా కాళ్లకు మగ్గం తెలియదు. మమత మాత్రం ఇంటర్ దాకా అమ్మ పక్కనే పెరిగింది. మగ్గం గుంటలో కాళ్లు దింపి రెండు చెక్కలు తొక్కుతారు కదా, ఒకటి పూర్తిగా దిగితే రెండోది పూర్తిగా లేవాలి, అప్పుడే పడుగు, అంటే నిలువు దారాలు, విడిపోయి అడ్డ దారాన్ని మోసే నాడె దూరుతుంది. అక్కడ సగం అనేది లేదు. మమత మెల్లగా తొక్కినా దాని కాళ్లు ఆ లెక్కలోనే తొక్కుతున్నాయి. చదునులో ఒక కుదుపుతో గడిచిపోతుంది, ఎత్తు మీద బండి ఆగిపోతుంది. పరీక్షలో పోయింది ధైర్యం లేకనో తెలివి లేకనో కాదు, ఇంటి పని మరిచిపోని కాళ్ల వల్ల. నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. దాన్ని ఎన్నిసార్లు ఫోన్లో పిరికిదానివన్నానో.

రాయి మీది ధైర్యంతో మొదటి గేరులోనే ఎక్కాను. పికప్ ఆయన చెయ్యి ఊపి, రాయి తీసి పక్కన పడేసి, మమ్మల్ని దాటిపోయాడు. పైన బండ్లు ఆపుకునే చోట ఆగాం. సముద్రం కింద నీలంగా కనపడుతోంది గానీ ఎవరం అటు చూడలేదు. మగ్గం మీద సగం తొక్కితే చీర వస్తదా అని అమ్మ అడిగింది, తప్పు మగ్గానిది కాదన్నట్టు. మమత వంగి తన కాళ్లనే చూసుకుంది. తర్వాత అమ్మ వైపు తిరిగింది.

“పోగు తెగినప్పుడు కాళ్లు నడిమిట్ల ఆపుతం కదమ్మా.”

“ఆపకుంటే పక్క పోగులు గూడ పోతయి” అంది అమ్మ. “దారం కదలకుంట పట్టి అతకాలె.”

“గట్ల ఆపాల్నా అక్కా, క్లచ్ గూడ?”

గట్లనే అన్నాను. రెండు కాళ్లూ నడుమ ఆపితే బండి సన్నగా వణుకుతుంది, అంటే ఇంజన్ చక్రాలను పట్టుకున్నట్టు. ఆ వణుకు వచ్చేదాకా ఆగి, అప్పుడు హ్యాండ్ బ్రేకు వదలాలి. ఇదే మాట దాని మాస్టరమ్మ కూడా చెప్పే ఉంటుంది, నేనూ ఫోన్లో చెప్పాను. తెగిన పోగు అనేసరికి మాత్రం దాని కాళ్లకు అర్థమైంది.

ఆ సాయంత్రం అదే ఎత్తు మళ్లీ మళ్లీ దిగి ఎక్కాం. వెనక బండ్లు లేనప్పుడు పక్కకు ఆపి, నేను స్టీరింగ్ దగ్గర, మమత ఖాళీ మ్యాట్ మీద, ఇద్దరం కలిసి తొక్కాం. మొదట్లో దాని ఎడమ కాలు లేచేది. “పోగు తెగింది” అని అమ్మ వెనక నుంచి అరిచేది, కాలు నడుమ ఆగేది. పొద్దు గుట్టల వెనక్కి దిగే సమయానికి అమ్మ అరవాల్సిన అవసరం తగ్గింది. రూవికి వచ్చి రోడ్డు పక్కన అక్కడి చిక్కటి కరక్ చాయ్ తాగుతున్నప్పుడు కూడా బల్ల కింద దాని కాళ్లు ఆడుతూనే ఉన్నాయి. పరీక్షకు పోతావా అని నేను అడగలేదు. తనే ఫోన్ తీసి, శనివారం ఒక గంట క్లాసు కావాలని మాస్టరమ్మకు మెసేజ్ పెట్టింది.

ఆదివారం పొద్దున పరీక్ష జరిగే చోటికి మమతను దింపి, అమ్మా నేనూ బయట రోడ్డు మీద కారులో కూర్చున్నాం. లోపలికి కనపడదు. నా దగ్గర నేర్చుకున్నవాళ్లు పరీక్షకు పోయినప్పుడు నేను హాయిగా చాయ్ తాగుతాను. ఆ రోజు గేటు మీంచి చూపు తిప్పలేదు. అమ్మ చీర కుచ్చులు వేళ్లతో సర్దుకుంటూ కూర్చుంది. చాలాసేపటికి మమత గేటులోంచి నడుచుకుంటూ వచ్చింది. మొహం చూసి ఏమీ చెప్పలేకపోయాం, నర్సు కదా, మొహం దాచడం దానికి అలవాటు. తలుపు తీసి, సీట్లో కూర్చుని, బెల్టు పెట్టుకుంది.

“బండి వణికిందక్కా” అంది. “నేను వణకలే.”

ఇల్లు అలకగానే పండగ కాదు. రోడ్డు మీద నడిపి చూపించే పరీక్ష ఇంకా ఉంది, వచ్చే నెలలో. కానీ ఆ కారులోనే కూర్చుని, నేను వింటుండగానే దవాఖానకు ఫోన్ చేసి, పగటి ఉద్యోగానికి వస్తానని చెప్పింది. లైసెన్సు చేతికి వచ్చేదాకా ఆగుతారా అని భయపడకుండా అడిగింది. ఆగుతామన్నారు. ఫోన్ పెట్టేశాక ఏడ్చింది. అమ్మ దాని తల నిమిరింది గానీ ఏడవకని చెప్పలేదు. నేను అప్పటికే బండి రోడ్డెక్కించాను కాబట్టి ఏడవడం కుదరలేదు, లేకపోతే నేనూ ఆగేదాన్ని కాదు.

దేవరకొండకు వచ్చాక నా నేర్పుడులో ఒక మార్పు వచ్చింది. ఎవరు కొత్తగా వచ్చినా మొదట ఇంట్లో ఏం పని చేస్తారని అడుగుతున్నాను. కుట్టు మిషన్ తొక్కే సల్మా మడమ, మునివేళ్లు మార్చి మార్చి ఊపుతుంది, అందుకే యాక్సిలరేటర్ మీద బండి ఊగుతుంది. మొన్నటిదాకా శ్రద్ధ లేదని కోప్పడేదాన్ని, ఇప్పుడు మిషన్ మీద కుట్టు మెల్లగా వేసేటప్పుడు కాలు ఎలా పెడతావని అడుగుతున్నాను. రాదు అనుకున్న మనిషికి ఇంకేదో పని బాగా వచ్చి ఉంటుందని మస్కట్ ఎత్తు మీద నాకు తెలిసింది. బండి నేర్పేవాళ్లం రోడ్డునే చూడమంటాం, కాళ్లను ఎవరం చూడం. నేను మాత్రం ఇప్పుడు చూస్తున్నాను, దానికి నాకు కొంచెం గర్వంగా కూడా ఉంది.

చివరగా, పోయేవాళ్లకు ఒక్క సలహా. కారు కిరాయికి తీసుకునేటప్పుడు రెండో డ్రైవర్ పేరు కూడా అగ్రిమెంట్‌లో రాయించుకోండి, రోజుకు ఒకటి రెండు రియాళ్లు అదనంగా తీసుకుంటారు. గుట్టల ఊళ్లో రోజంతా ఒక్కరే నడిపితే సాయంత్రానికి భుజాలు పట్టేస్తాయి, నాకు పట్టేశాయి. ఈసారి పోయినప్పుడు నేను రెండు పేర్లూ రాయిస్తాను. మొదటిది మమతది.